చల్లటి పెనం మీద ఆరు ముక్కలు

మేడ్చల్
7 ఏప్రిల్ 2025, సోమవారం

పెద్దమ్మా,

తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాకే చదువు. ఈ బ్రెయిలీ చుక్కలు మన ఇంట్లో నీకు తప్ప ఎవరికీ రావని నాకు తెలుసు. కానీ నువ్వు చదువుతూ నవ్వుతావు, బాపు "ఏం రాసిండు వదినా" అని అడుగుతాడు, నీకు అబద్ధం ఆడటం చేతకాదు. అందుకని తలుపు.

ఫోన్ చేసి చెప్పేవాణ్ణే. నా ఫోన్ అనగానే నువ్వు స్పీకర్ పెడతావు, ఇల్లంతా వింటుంది. నన్ను అంధుల హాస్టల్లో చేర్పించినప్పుడు అంగన్‌వాడీ పని చేసుకుంటూనే ఆ ఇనుప పలకా సూదీ పట్టుకుని బ్రెయిలీ నేర్చుకున్నావు కదా, ఆ కష్టానికి ఇవాళ అసలైన పని పడింది.

విషయం ఏమిటంటే, నేను వంటవాణ్ణి కాబోతున్నాను. కుదిరితే.

మా ఆఫీసులో నా పక్క సీటు సందీప్ గురించి రాశాను గుర్తుందా? ఉద్యోగం మానేసి కండ్లకోయలో, మా ఐటీ పార్కు ఎదురుగానే, పొద్దుటి టిఫిన్ల హోటల్ పెడుతున్నాడు. ఇడ్లీ దోసెలు కాదు. గుడ్లు, కాల్చిన బ్రెడ్డు, అలాంటివి. ఆదివారాలు నా గదిలో నా చేతి గుడ్లు చాలాసార్లు తిన్నాడు. పొయ్యి దగ్గరికి మనిషి దొరకడం లేదని అంటుంటే, నేనున్నాను కదా అన్నాను. ముందు నవ్వాడు. తర్వాత ఇలా అన్నాడు: "మే నాలుగు ఆదివారం నీ రూముకే వస్త. నీ పొయ్యి, నీ గిన్నెలు. గుడ్లు, బ్రెడ్డు, బేకన్ జేసి పెట్టు. మంచిగుంటె పొయ్యి నీదే."

గుడ్లు నాకు కొట్టినపిండి. బ్రెడ్డు వాసన చూసి తిప్పేస్తాను. బేకన్ మాత్రం జన్మలో ముట్టుకోలేదు. మొన్న కొంపల్లి వైపు ఫ్రిజ్ సామాన్ల దుకాణంలో ఒక ప్యాకెట్ తెచ్చాను. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు, కాగితం కన్నా కాస్త మందం. ముందే ఉప్పు పట్టించి పొగబెట్టిన మాంసం. నువ్వు మిద్దె మీద ఎండబెట్టే ఒట్టి తునకలకు దగ్గరి చుట్టం అనుకో.

మనకు అలవాటైన పద్ధతిలో నూనె కాగాక వేశాను. గదంతా పటాకులు పేలినట్టు పేలింది. నేను తలుపు దాకా వెనక్కి గెంతాను. మళ్లీ వచ్చి స్టవ్ ఆపి తడిమితే ఒక కొస బొగ్గు, ఒక కొస పచ్చి.

నా భయం నీకు తెలుసు. తొమ్మిదేళ్లప్పుడు గారెల నూనెలో చెయ్యి పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు. గుడ్లు వండేటప్పుడు కూడా లోపల ఎక్కడో బిక్కుబిక్కుమంటూనే ఉంటుంది. అయినా పెద్దమ్మా, నాలుగేళ్లుగా చెవికి ఆ డబ్బా తగిలించుకుని "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంటున్నాను. ఈ పని వస్తే నా బతుకు నాది అవుతుంది. నాకు ఇరవై ఏడు రోజులు ఉన్నాయి.

బాపుకు చెప్పొద్దు.

కాలిన వేలు నోట్లో పెట్టుకుని,
శ్రవణ్


అలియాబాద్
11 ఏప్రిల్ 2025

చిరంజీవి శ్రవణ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది అని మామూలుగా మొదలుపెట్టేదాన్ని, కానీ కంగారు ఆగడం లేదు. రెండు చోట్ల చుక్కలు తప్పు పడ్డాయి, సర్దుకుని చదువుకో. కాగితం గట్టిగా ఉంటుందని పెళ్లి పత్రికల వెనకే రాస్తున్నాను. ఈ ఎండాకాలం మనకు ఇరవై రెండు పత్రికలు వచ్చాయి. పసుపు వాసన వస్తే ఏమీ అనుకోకు.

నువ్వు పొయ్యి దగ్గర నిలబడుతున్నావా? ఎప్పటి నుంచి? ఆదివారం మెస్సు ఉండదని ఎందుకు చెప్పలేదు? నేను ఇక్కడ ఇంటికి వచ్చిపోయే వాళ్లందరికీ వండి పెడుతున్నాను, నువ్వు అక్కడ చేతులు కాల్చుకుంటున్నావు. పాల వ్యాను యాదయ్య రోజూ మేడ్చల్ వస్తాడు. ఇక నుంచి ప్రతి శనివారం అతనితో క్యారియర్ పంపుతాను. ఈ ఉత్తరం చేరేలోపే మటన్ కూర, సల్ల పులుసు చేరతాయి.

నీకు ఏసీలో కూర్చుని చేసే ఉద్యోగం ఉంది. చూపున్న వాళ్లకే దొరకని ఉద్యోగం అని మీ బాపు నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. దాన్ని వదిలి హోటల్లో నూనె ముందు నిలబడతావా? మీ అమ్మ ఉంటే ఒప్పుకునేదా? నేను ఒప్పుకోను బిడ్డా. ఆ సందీప్‌కు కుదరదని చెప్పేయ్.

అది కోడిదో మేకదో నువ్వు రాయలేదు. ఏదైనా సరే, ఒట్టి తునకలంటే నన్ను అడగాలి. నూనెలో వేస్తే పేలక ఏమవుతుంది? ముందు గంటసేపు నీళ్లలో నానబెట్టాలి. తర్వాత రోట్లో మెత్తగా దంచాలి. అప్పుడు పొయ్యి. వండమని చెప్పడం లేదు. తప్పు పద్ధతి అని మాత్రం చెబుతున్నాను.

ఇక్కడ రెండు రోజులుగా గాలి జవహర్‌నగర్ చెత్త డంపు వైపు నుంచి వీస్తోంది, కిటికీలు తెరవడం లేదు. మీ బాపు ఈసారి కౌన్సిలర్‌గా నిలబడతానని తెల్ల చొక్కాలు ఎనిమిది కుట్టించాడు. ఇస్త్రీ చేయడం నా వంతు. నీ సంగతి ఆయనకు చెప్పలేదు.

పొయ్యికి దూరంగా ఉంటావని నమ్ముతూ,
పెద్దమ్మ


మేడ్చల్
15 ఏప్రిల్ 2025

పెద్దమ్మా,

మటన్ కూర అద్భుతం. పులుసు పక్కింటి వాళ్లకు కూడా పోశాను. ఇంత మంచి కూర పంపి ఇంత మోసం చేస్తావని అనుకోలేదు.

ఆదివారం బాపు ఫోన్ చేశాడు. ఎప్పుడూ "ఎట్లున్నవ్" అని పెట్టేసే మనిషి, "ఏం తింటున్నవ్ రా" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లు. ఎవరు చెప్పారు? తలుపు వేసుకుని చదవమన్నాను కదా.

సరే, కోపం అయిపోయింది. ఇక వార్త విను.

నువ్వు చెప్పినట్టు ఒక ప్యాకెట్ గంటసేపు నానబెట్టాను. ఉప్పంతా నీళ్లలోకి దిగిపోయి ముక్కలు తడి గుడ్డల్లాగా అయ్యాయి. దంచడానికి నా దగ్గర రోలు లేదు, ఉన్నా దంచేవాణ్ణి కాదు. అవి పారేసి, రెండో ప్యాకెట్ విప్పి, పెనం కడిగి పొయ్యి మీద పెట్టి, వెలిగించడం మర్చిపోయి ముక్కలు వేయడం మొదలుపెట్టాను. మూడో ముక్క వేశాక గాని పెనం చల్లగా ఉందని తెలియలేదు.

పెద్దమ్మా, అక్కడే దొరికింది. పెనం చల్లగా ఉంటే నాకు భయమెందుకు? పది వేళ్లతో తాపీగా సర్దుకున్నాను. ఒకదాని పక్కన ఒకటి, అంచులు ఆనకుండా, చాప మీద పిల్లల్ని పడుకోబెట్టినట్టు. ఆరు పట్టాయి. ఎక్కడ ఏది ఉందో వేళ్లకు తెలిశాక అప్పుడు వెలిగించాను, సన్న మంట. కొవ్వు దానంతట అదే కరుగుతుంది, నూనె చుక్క అక్కర్లేదు. తిప్పేటప్పుడు మంట ఆపేసి చిమ్టాతో ఒక్కొక్కటి పట్టుకున్నాను. మెత్తగా వేలాడితే పచ్చి, అట్టలాగా నిలబడితే అయినట్టు. ఆరింటిలో నాలుగు కుదిరాయి. గదిలో నేను ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను.

ఇంకా చిట్లుతూనే ఉంది, అదొక్కటే బాధ. కొవ్వు చుక్క మణికట్టు మీద పడగానే ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది. దానికి ఉపాయం వెతుకుతున్నాను.

యాదయ్య వ్యానులో ఐసు పెట్టెలో నీకూ ఒక ప్యాకెట్ పంపుతున్నాను. రుచి చూడు, ఇదేదో పిచ్చి పని కాదని తెలుస్తుంది. ఏ మాంసమో ఇప్పుడు అడగకు. తిన్నాక చెబుతాను.

వాసన గది నిండా, సంతోషం ఒంటి నిండా,
శ్రవణ్


అలియాబాద్
20 ఏప్రిల్ 2025, ఆదివారం

శ్రవణ్,

ఆశీస్సులు ఈసారి చివర్లో చూద్దాం.

మీ బాపు ఫోన్ సంగతి ముందు. ఎండలకు మన వీధిలో ఇద్దరు వాంతులయి పడిపోయారు. అందుకని తెలిసిన వాళ్లందరికీ ఫోన్ చేసి ఏం తింటున్నారని అడుగుతున్నాడు, ఓట్ల కోసం అనుకో, ప్రేమ అనుకో. నేను నోరు విప్పలేదు. పెద్దమ్మ మోసం చేసిందని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి?

ఇక నీ ప్యాకెట్. ఒట్టి తునకలకు చుట్టం అన్నావు. తడిగా, మెత్తగా ఉన్నాయి. సరిగ్గా ఎండలేదు, పాపం పట్నం వాళ్లకు ఏం తెలుసు అనుకున్నాను. ఒట్టి తునకలు ఎలా ఎండబెడతామో అలాగే మిద్దె మీద తీగ కట్టి, పన్నెండు ముక్కలూ వరసగా వేలాడదీసి, కాకులు రాకుండా పాత చీర కప్పి కిందికి వచ్చాను.

మధ్యాహ్నం మీ బాపు బయల్దేరబోతే కారు మీద ధారలు. తెల్ల కారు ముందు భాగమంతా జిడ్డు, దాని మీద దుమ్ము. పక్క ప్లాటులో బోరు వేస్తున్నారు, ఆ బండి గ్రీజు ఎగిరి పడిందని వాళ్ల మీదికి పోయాడు. వాళ్లు మాది కాదంటారు, ఈయన మీదే అంటాడు, పది మంది గుమిగూడారు. నేను పైకి చూసి గుండె పట్టుకున్నాను. ఏప్రిల్ ఎండకు నీ ముక్కలు కరిగి మిద్దె అంచు నుంచి కారుతున్నాయి.

మన ఇంట్లో పని చేసే శంకరమ్మ నాతో పాటు మిద్దె ఎక్కింది. ఒక ముక్క పట్టుకుని వాసన చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇది పంది కొవ్వమ్మా. గిట్ల ఎండల ఏలాడదీస్తరా ఎవలన్న" అంది.

మీ తాత ఉన్నప్పటి నుంచి ఈ ఇంటి గడప దాటి లోపలికి రానిది, నా చేత్తో నేనే తీగ మీద ఆరేశాను. తినేవాళ్లు తింటారు, నేనెవర్నీ అనను. నువ్వు తిన్నా అనను. కానీ నాకు చెప్పకుండా నా చేతికి ఇచ్చావు. నేను ముట్టుకునేది ఏమిటో నాకు తెలియనక్కర్లేదా? ఇది నాకు చాలా కష్టం అనిపించింది, శ్రవణ్.

శంకరమ్మ అవి ఇంటికి పట్టుకుపోయి వండుకుంది. ఉప్పు ఎక్కువ, మాంసం తక్కువ అని తీర్పు చెప్పింది. నీ చిట్లడం సంగతి నేనే నోరు జారి చెప్పాను. ఆమె నీకు రాయమని పట్టుబట్టింది కాబట్టి రాస్తున్నాను: ముక్కలు సర్దాక, వెలిగించక ముందే, అర గ్లాసు నీళ్లు పొయ్యాలట. "నీళ్లు ఉన్నంతసేపు కొవ్వు నిమ్మలంగ కరుగుతది. నీళ్లు ఇంకినంక సప్పుడు మారుతది. గా సప్పుడు చెవులతోనే ఇనాలె, కండ్లతోని ఏం పని" అంది.

ఆ మాట మాత్రం నాకు నచ్చింది. అయినా నువ్వు మానేయాలనే నా కోరిక.

పెద్దమ్మ
(ఆశీస్సులు ఉన్నాయి.)


మేడ్చల్
24 ఏప్రిల్ 2025

పెద్దమ్మా,

తప్పు నాదే. పంది అని రాస్తే నువ్వు ప్యాకెట్ విప్పవని భయపడ్డాను. రుచి చూశాక నవ్వుకుందాం అనుకున్నాను. నీ చేతికి ఏమి ఇస్తున్నానో చెప్పకుండా ఇవ్వకూడదు, అది నాకంటే బాగా ఎవరికి తెలియాలి? రోజూ నా చేతికి ఎవరో ఏదో ఒకటి చెప్పకుండా పెడుతూనే ఉంటారు, నేను తిట్టుకుంటూనే ఉంటాను. ఇంకెప్పుడూ చేయను. కారు కడిగించినందుకు, బోరు వాళ్లకు జరిగిన అవమానానికి కూడా క్షమాపణ. నవ్వానని మాత్రం ఒప్పుకుంటున్నాను. బస్సులో నవ్వు ఆపుకోలేక ఒక స్టాపు ముందే దిగిపోయాను.

శంకరమ్మకు నా దండం చెప్పు. మూడు రోజులుగా ఆమె చెప్పినట్టే చేస్తున్నాను. అర గ్లాసు నీళ్లు ఎక్కువయ్యాయి, పావు గ్లాసు చాలు. మొదట బుడబుడమని ఉడుకుతుంది. ఒక్క చుక్క కూడా ఎగరదు. ఆరేడు నిమిషాలకు ఆ బుడబుడ పలచబడి, ఒక్క క్షణం పెనం ఊరుకుంటుంది. వెంటనే సన్నగా సుయ్‌మని మొదలవుతుంది. అప్పుడు తిప్పాలి. రెండో పక్క ఆ సుయ్‌మనే చప్పుడు నురగలాగా సన్నబడి, పొగ వాసనలోంచి తియ్యటి వాసన వస్తుంది. అప్పుడు దించాలి. మంగళవారం ఆరుకు ఆరూ కుదిరాయి. నోట్లో వేసుకుంటే అప్పడంలాగా విరిగాయి. ఆ శబ్దం రికార్డు చేసి పెట్టుకున్నాను, ఆఫీసులో విరామంలో వింటున్నాను.

ఇంత కుదిరాక కూడా నీకు ఇష్టమైన మాటే రాయాల్సి వస్తోంది.

నిన్న తిప్పుతుంటే ఒక చిన్న చుక్క కుడిచేతి మీద పడింది. చీమ కుట్టినంత. దానికే చెయ్యి వణకడం మొదలై పావుగంట ఆగలేదు. చిమ్టా కింద పడింది. ఇక్కడ గదిలో ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి సరిపోయింది. హోటల్లో పక్కన మనుషులు ఉంటారు, వేడి గిన్నెలు ఉంటాయి. చిన్నప్పుడు ఎలా తప్పిందో అలా మళ్లీ నా చెయ్యి తప్పితే? ఈసారి ఇంకొకరి మీద పడితే? చెవులు వింటాయి, ముక్కు చెబుతుంది, కానీ చెయ్యే తప్పు చేసేదైతే అవన్నీ ఎందుకు?

సందీప్‌కు శనివారం చెప్పేద్దామని ఉంది, నావల్ల కాదని. అప్పుడు వద్దని ఎందుకు అన్నావో ఇప్పుడు అర్థమైంది. నీకు నా చెయ్యి సంగతి ముందే తెలుసు.

శ్రవణ్


అలియాబాద్
26 ఏప్రిల్ 2025, శనివారం

శ్రవణ్,

ఉత్తరం ఇప్పుడే అందింది. యాదయ్య వ్యాను కదిలేలోపు రాసి అతని చేతికే ఇస్తున్నాను, పోస్టు మీద నమ్మకం పెట్టుకునే టైము లేదు. ఇది చదివేదాకా సందీప్‌కు ఏమీ చెప్పకు. చెప్పేసి ఉంటే వెనక్కి తీసుకో.

నేను కోరుకున్నదే నువ్వు రాశావు. సంతోషం కలగాలి. కలగలేదు. ఏ మాంసమో చెప్పకుండా ప్యాకెట్ పంపావని నిన్ను అన్ని మాటలన్నాను. అనే అర్హత నాకు లేదు.

ఆ గారెల రోజు నువ్వు సెలవులకు వచ్చావు. నేను గారెలు తట్టి పళ్లెంలో పెడుతుంటే, నూనెలో నేను వదులుతానని మారాం చేశావు. మూకుడు ఎడమ పొయ్యి మీద, పళ్లెం కుడిపక్కన వెలిగించని పొయ్యి మీద. నేనే నీ చెయ్యి పట్టుకుని రెండూ చూపించాను. పది గారెల దాకా వదిలావు. ఒక్కటి కూడా తప్పు పడలేదు, నూనె చిందలేదు. అంత శ్రద్ధగా నేను కూడా వదలను.

ఎడమ పొయ్యి మంట తగ్గిపోయింది. నేను మూకుడును కుడి పొయ్యి మీదికి మార్చాను. పళ్లెం ఎడమకు జరిపాను. వాకిట్లో ఎవరో పిలిచారు, ఇదిగో వస్తున్నానంటూ వెళ్లాను. జరిపానని నీకు చెప్పలేదు.

నువ్వు తర్వాతి గారె కోసం కుడిపక్కకు చెయ్యి చాపావు. నీ చెయ్యి సరిగ్గా నేను చూపించిన చోటికే వెళ్లింది. పళ్లెం ఉండాల్సిన చోట నూనె ఉంది.

ఆసుపత్రిలో మీ బాపు అడిగితే "పొల్లగాని చెయ్యి తడబడ్డది, నేను సూసేలోపే" అన్నాను. మీ అమ్మ పోయాక నిన్ను నా ఒడిలో పెట్టాడు. నిజం చెబితే నిన్ను నా దగ్గర ఉంచడేమోనని భయపడ్డాను. ఆ ఒక్క రోజుకని ఆడిన అబద్ధం, తర్వాత విప్పడానికి ధైర్యం రాలేదు. కుడి చేతి వేలి కొన మొద్దుబారి నువ్వు ఎడమ చేత్తో చదవడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నావు. నేను పక్కన కూర్చుని నేర్పించాను. అప్పుడు కూడా చెప్పలేదు. పద్దెనిమిదేళ్లు నీ చెయ్యిని నువ్వు అనుమానిస్తుంటే చూస్తూ ఊరుకున్నాను.

నీ చెయ్యి తప్పలేదు. ఆ రోజూ తప్పలేదు.

నన్ను ఏమన్నా అను. అనకుండా మాత్రం ఉండకు.

బాలమణి


మేడ్చల్
5 మే 2025, సోమవారం

పెద్దమ్మా,

తొమ్మిది రోజులు నీకు రాయలేదు. నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు, ఎత్తలేదు. కోపంతోనే ఎత్తలేదు. ఆ ఉత్తరం చదివి పలక తీసి గోడకేసి కొట్టాను, ఒక మూల వంగింది, ఈ ఉత్తరంలో కుడి అంచు చుక్కలు అందుకే వంకరగా ఉన్నాయి. హాస్టల్లో వంట నేర్పే క్లాసుకు అందరూ వెళితే నేను బయట మెట్ల మీద కూర్చునేవాణ్ణి. మూడేళ్లు కూర్చున్నాను. అది గుర్తొచ్చి ఏడ్చాను.

కోపం ఇంకా ఉంది. ఇంకొన్ని రోజులు ఉంటుంది. దాచడం లేదు.

కానీ రెండో రోజు పొద్దున పెనం పెట్టాను. ఆరు ముక్కలు సర్దాను, నీళ్లు పోశాను, తిప్పాను. చుక్క పడింది. చురుక్కుమంది, అంతే. చెయ్యి వణకలేదు. నమ్మలేక మళ్లీ ఆరు వేశాను. ఆ వారంలో నాలుగు ప్యాకెట్లు వండాను, మా వీధిలో తినేవాళ్లందరికీ పంచాను. ఒకాయన పొద్దున్నే తలుపు కొట్టి ఇవాళ లేవా అని అడుగుతున్నాడు.

నిన్న సందీప్ ఎనిమిదింటికి వచ్చాడు. కండ్లకోయ కాలేజీ బస్సులు లేని ఆదివారం కాబట్టి వీధి నిశ్శబ్దంగా ఉంది, నా పెనం నాకు బాగా వినిపించింది. నీళ్లు ఉడుకుతున్నంతసేపు అతను ఏవేవో మాట్లాడాడు. పెనం ఊరుకున్న క్షణంలో తను కూడా ఊరుకున్నాడు. నేను తిప్పాను. పక్క పొయ్యి మీద గుడ్లు, పచ్చసొన చెదరలేదు. పళ్లెం అతని ముందు పెట్టాను. నాలుగు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి విరుగుతున్న చప్పుడు విన్నాను.

తర్వాత అన్నాడు: "మస్తున్నది భయ్. అబద్ధం జెప్ప. కని పొయ్యికాడ వద్దులే, రేపేమన్న అయితె నాకు పరేషాన్. ఉల్లిగడ్డలు, కూరగాయలు కోసుడు నీది. జీతం గదే ఇస్త."

పెద్దమ్మా, పోయిన నెల అయితే అతని కాళ్లకు మొక్కి ఒప్పుకునేవాణ్ణి. నా చెయ్యి సంగతి కనిపెట్టేశాడు, దయగల మనిషి అనుకునేవాణ్ణి. నిన్న ఆ ఆలోచనే రాలేదు. "పొయ్యి దగ్గర నిలబెడితె వస్త. లేకుంటె రాను. నా చెయ్యి మంచిదే" అన్నాను. అతను టీ సగం తాగి వెళ్లిపోయాడు.

పని పోయినట్టే ఉంది. వింతేమిటంటే, నాకు ఏడుపు రావడం లేదు. మిగిలిన రెండు ముక్కలూ నేనే తిన్నాను.

ఈ ఉత్తరం ఇంకా కవరులో పెట్టలేదు. ఇవాళ ఏడో తేదీ, బుధవారం. సందీప్ ఇప్పుడే ఫోన్ చేశాడు. మూడు రోజులుగా తన ఇంట్లో బేకన్ చేస్తున్నాడట. నూనె కాగబెట్టి వేశాడట, చూస్తూ చూస్తూనే మాడ్చాడట, వాళ్ల అమ్మ వంటింట్లోంచి వెళ్లగొట్టిందట. "రెండు కండ్లున్నయ్ రా నాకు, ఎందుకున్నయో తెల్వద్. పంతొమ్మిదికి రా. పొయ్యి నీదే" అన్నాడు. నేను ఒకే షరతు పెట్టాను. నా చుట్టుపక్కల ఏ గిన్నె జరిపినా జరిపిన మనిషి నోటితో చెప్పాలి. యజమాని అయినా సరే. ఒప్పుకున్నాడు.

పెద్దమ్మా, నేను వంటవాణ్ణి. అరిచి చెప్పాలని ఉంది. ముందు నీకే చెబుతున్నాను.

నీ మీద కోపంగా ఉన్న,
నీ శ్రవణ్


అలియాబాద్
21 మే 2025, బుధవారం

వంటవాడు శ్రవణ్‌కు, పెద్దమ్మ ఆశీస్సులు, ఈసారి ముందే.

ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. శంకరమ్మకు నీ పాత ఉత్తరాలు కూడా చదివి వినిపిస్తే, పావు గ్లాసు అన్న మాట దగ్గర "అర గ్లాసే, నేను జెప్పిన" అని అలిగింది. నిన్న రెండో రోజు కదా, వంద పళ్లేలు దాటాయని నువ్వు ఫోన్లో అంటుంటే స్పీకర్ నేనే పెట్టాను. మీ బాపు విననట్టు పేపరు తిరగేస్తూ, తిరగేసిన పేజీనే మళ్లీ తిరగేశాడు.

నీ కోపం ఉండనీ. తగ్గినప్పుడు తగ్గుతుంది. నేను చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉండింది, దాని గురించి రాస్తున్నాను.

నిన్న ఫోన్ అయ్యాక అన్నం వడ్డించాను. మీ బాపు రెండో ముద్ద కలుపుతూ, "గుడ్డోన్ని పొయ్యికాడ నిలబెట్టిండు, ఆని మీద కేసు పెట్టాలె. ఎన్కట కాలింది సాలదా" అన్నాడు. నేను గరిటె కింద పెట్టి మొత్తం చెప్పాను. మూకుడు నేను జరిపానని, వాడికి చెప్పలేదని, ఆసుపత్రిలో ఆడింది అబద్ధమని. కారు మీద కారింది బోరు గ్రీజు కాదని కూడా ఆ వేగంలోనే చెప్పేశాను. ఇంట్లోంచి పొమ్మంటే ఎక్కడికి వెళ్లాలా అని కూడా ఒక నిమిషం ఆలోచించాను.

ఆయన అన్నం ముందు నుంచి లేవలేదు. తినలేదు కూడా. చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. చివరికి, "పద్దెనిమిదేండ్లు ఆన్ని చెయ్యి పట్టుకోని నడిపిచ్చిన వదినా. ఇడ్సిపెడితె పడ్తడనుకున్న" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం చూస్తే బోరు వేయించిన పక్క ప్లాటు వాళ్ల దగ్గర నిలబడి మజ్జిగ తాగిస్తున్నాడు.

ఇవాళ పొద్దున నా దగ్గరికి వచ్చి హోటల్ ఐటీ పార్కుకు ఏ వైపు అని అడిగాడు. ఆదివారం ఏడింటికల్లా వస్తాడట. దూరంగా మూల బల్ల దగ్గర కూర్చుని, ఎవరో గిరాకీలాగా ఆమ్లెట్ తెప్పించుకుని, నువ్వు వండుతుంటే చూసి, తిని, మాట్లాడకుండా వచ్చేస్తాడట. పచ్చిమిరపకాయలు ఎక్కువ వేయమని చెబితే గొంతు గుర్తుపడతావేమోనని, పక్క మనిషితో చెప్పిస్తానన్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. వేసిన ఒట్టు ఇదిగో ఇక్కడే తీసేస్తున్నాను. మీ బాపు వస్తున్నాడు బిడ్డా, ఆదివారం ఏడింటికి, మూల బల్ల.

పెద్దమ్మ